ఆనందానికి ఒక పీరియడ్ కేటాయిస్తే ఆనందం వస్తుందా?

బెజవాడ నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ సంవత్సరం నుంచి వారానికి ఒక రోజు ‘హ్యాపీనెస్ పీరియడ్’ ఉంటుందని, అది పాజిటివ్ సైకాలజీ అనే శాస్త్రం ఆధారంగా రూపొందిన కార్యక్రమమని, అందుకు అదనంగా 2,400 రూపాయలు కట్టాలని పాఠశాల నుంచి సర్క్యులర్ వచ్చింది. డబ్బు సంగతి పక్కన పెడదాం. టైమ్ టేబుల్ చూస్తే బుధవారం చివరి పీరియడ్‌లో ఉండే ఆటలు పోయి, వాటి స్థానంలో ఇది వచ్చి కూర్చుంది. మా అమ్మాయికి వారం మొత్తం మీద ఖోఖో ఆడుకునే సమయం అదొక్కటే. ఆటలు తీసేసి ఆనందం నేర్పుతారట అనుకుంటే నవ్వు వచ్చింది. అయితే తెలియని విషయాన్ని వెక్కిరించడం సరికాదని కొంత చదివాను.

1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్మన్, మనస్తత్వశాస్త్రం అప్పటిదాకా మనోవ్యాధుల చుట్టూనే తిరిగిందని, మనిషి చక్కగా బతకడానికి తోడ్పడేవాటిని కూడా అంతే శ్రద్ధగా పరిశోధించాలని పిలుపునివ్వడంతో ఈ శాఖకు ఊపు వచ్చింది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రత్యేక పీరియడ్ కేటాయిస్తూ రూపొందించిన హ్యాపీనెస్ కరిక్యులమ్‌ను 2018 జులై 2న దలైలామా ప్రారంభించారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019లో ‘ఆనంద వేదిక’ పేరుతో అలాంటిదే ప్రభుత్వ బడుల్లోకి వచ్చింది. ఇంతమంది ఇన్ని చోట్ల చేస్తున్నారంటే ఇందులో ఏదో సారం ఉండాలి. ఆ సారం ఎంత, పైపూత ఎంత? తెలిసినవారు చెప్పగలరు.

సంఖ్యాశాస్త్రి

నేను డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ బోధిస్తాను. అందుచేత ‘శాస్త్రం ఆధారంగా’ అన్న మాట దగ్గరే నా కన్ను ఆగిపోతుంది. ఒక ఉదాహరణ చెబుతాను.

2005లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, మార్షల్ లొసాడా కలిసి ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మనిషిలో అనుకూల భావాలకూ ప్రతికూల భావాలకూ మధ్య నిష్పత్తి 2.9013 దాటితే జీవితం వికసిస్తుందని, దాటకపోతే వాడిపోతుందని అందులో ఉంది. నాలుగు దశాంశ స్థానాలు! జ్వరం చూసే థర్మామీటరు ఒక్క స్థానంతో సరిపెట్టుకుంటుంది. ఆ సంఖ్య ఎక్కడిదంటే, వేడెక్కిన వాయువులూ ద్రవాలూ ఎలా కదులుతాయో వివరించడానికి వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లో రాసిన సమీకరణాల నుంచి పుట్టించినది. సంతోషానికీ ఆ గాలి కదలికకూ సంబంధమేమిటో ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ళ పాటు ఆ వ్యాసాన్ని వందల మంది ఉదహరించారు, శిక్షకులు ఆ నిష్పత్తిని బోర్డు మీద రాసి పాఠాలు చెప్పారు. 2013లో నికొలస్ బ్రౌన్ అనే మాస్టర్స్ విద్యార్థి, భౌతికశాస్త్రవేత్త అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్ కలిసి ఆ లెక్కకు తలా తోకా లేదని అదే పత్రికలో నిరూపించారు. గణిత భాగాన్ని పత్రిక ఉపసంహరించుకుంది. నిష్పత్తి కచ్చితంగా ఇంత అని చెప్పలేకపోయినా అనుకూల భావాలు ఎక్కువగా ఉండటం మేలేనన్న మాట నిలుస్తుందని ఫ్రెడ్రిక్సన్ సమాధానమిచ్చారు. ఆ మాట చెప్పడానికి సమీకరణాలు ఎందుకు? మా నాయనమ్మ చెప్పేది.

నిదానం

విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. సంఖ్యాశాస్త్రి గారు చెప్పినది అక్షరాలా నిజం. కానీ ఒక్క గింజ పుచ్చినదని బస్తా అంతా పారబోయనక్కర లేదు.

సెలిగ్మన్, ఆయన సహచరులు 2005లోనే ప్రచురించిన మరో అధ్యయనాన్ని చూడండి. వారం రోజుల పాటు ప్రతి రాత్రీ ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో కూడా రాసుకోమన్నారు. అలా రాసినవారిలో ఆరు నెలల తరువాత కూడా సంతోషం కొంత పెరిగి, దిగులు లక్షణాలు కొంత తగ్గి కనిపించాయి. ఖర్చు లేని పని, హాని లేని పని. నా దగ్గరకు వచ్చేవారిలో కొందరికి నేనూ చెబుతుంటాను. పడుకునే ముందు అప్పుల గురించీ అత్తగారి మాటల గురించీ నెమరువేసే అలవాటు ఉన్న మనసుకు ఇంకోవైపు కూడా చూడటం అలవాటవుతుంది.

ఇక నేను నిజాయతీగా ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి. 2012లో కెనడాలో ఈ అధ్యయనాన్ని తిరిగి చేసినప్పుడు, ప్రత్యేక అభ్యాసమేదీ లేకుండా కేవలం చిన్ననాటి మంచి జ్ఞాపకాలు రాసుకున్నవారికి కూడా దాదాపు అంతే సంతోషం కలిగింది. దిగులు తగ్గించడంలో ఆ అభ్యాసాలకు ప్రత్యేక ఫలితం కనిపించలేదు. బ్రిటన్‌లో 85 పాఠశాలలు, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో చేసిన మిరియడ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. తరగతి మొత్తానికీ మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) నేర్పడం వల్ల, ఆ బడుల్లో మామూలుగా చెప్పే పాఠాల కంటే అదనపు మేలు ఏమీ జరగలేదని అందులో తేలింది. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర ఆ సాధన చేయనే లేదు.

కాబట్టి బెజవాడ నాన్న గారూ, నా సమాధానం ఇది. చిన్న మేలు ఉంది. సర్క్యులర్‌లో రాసినంత మేలు లేదు.

ఉప్పల్ ఉద్యోగి

నిదానం గారు ‘హాని లేని పని’ అన్నారు. అక్కడే నాకు అభ్యంతరం.

నేను పన్నెండేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేశాను. పేరు అనవసరం. రెండేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో మనుషులను సగానికి తగ్గించి, పనిని మాత్రం అలాగే ఉంచారు. రాత్రి పదకొండు గంటలకు కాల్స్ ఉండేవి. ఎవరో ఫిర్యాదు చేయగా మానవ వనరుల విభాగం వారు ఒక శుక్రవారం సాయంత్రం ‘ఒత్తిడిలోనూ ఉల్లాసం’ అని వెబినార్ పెట్టారు. హాజరు తప్పనిసరి. తెర మీద ఒకాయన, కళ్ళు మూసుకుని మీ ఉద్యోగం పట్ల కృతజ్ఞత కలిగించే మూడు విషయాలు చాట్‌లో రాయండి అన్నాడు. మా టీమ్ లీడ్ ‘జీతం, జీతం, జీతం’ అని రాసి, వెంటనే భయపడి చెరిపేశాడు. ఆ వెబినార్ వల్ల పోయిన గంటన్నర పనిని మేము శనివారం పూర్తి చేశాం.

ఇది నా ఒక్కడి అక్కసు కాదు. బార్బరా ఎరెన్‌రైక్ అనే అమెరికన్ రచయిత్రి తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవారంతా పాజిటివ్‌గా ఉండమని ఒత్తిడి చేయడం చూసి విసిగి, 2009లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. రోగం తగ్గకపోతే ఆలోచన సరిగా లేకపోవడం వల్లనే అన్న నింద కూడా రోగి నెత్తినే పడుతుందని ఆమె వాదన. అదే 2009లో అమెరికా సైన్యం తన సైనికులందరికీ మనోబలం నేర్పే కార్యక్రమాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని సెలిగ్మన్ బృందం సహకారంతో మొదలుపెట్టింది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లకు మళ్ళీ మళ్ళీ పంపడం మాత్రం ఆపలేదు. చెప్పుచేతల్లో ఉన్నవాడి మనసును సరిచేయడం సులువు, చెప్పేవాడి నిర్ణయాన్ని సరిచేయడం కష్టం. అందుకే డబ్బు ఎప్పుడూ మొదటి దానికే పోతుంది.

నిదానం

ఉప్పల్ ఉద్యోగి గారూ, మీ మాటలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. హాని గురించి నా వాక్యాన్ని సవరించుకుంటాను. ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్నవారి చేత ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదే పదే అనిపిస్తే, అలా అననివారి కంటే వారి మనసు మరింత దిగులుగా ఉందని కెనడాలోనే వాటర్‌లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్ బృందం 2009లో చూపింది. ఆ మాట ఎవరికి ఎక్కువ అవసరమనుకుంటామో వారికే అది గుచ్చుకుంది. కనుక అభ్యాసాన్ని ఇష్టపడి చేయడం వేరు, హాజరు వేసి చేయించడం వేరు.

తల్లిదండ్రులకు ఇంకొక్క మాట. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, ఆట, స్నేహితులు అన్నిటి మీదా ఆసక్తి పోయిన పిల్లలకు కృతజ్ఞత డైరీ ఇవ్వడమంటే టైఫాయిడ్ వచ్చినవారికి విటమిన్ మాత్ర ఇవ్వడమే. వారిని వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఎవరిని అడగాలో తోచకపోతే మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు.

ఒంగోలు పంతులు

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆనంద వేదిక వచ్చినప్పుడు ఆరో తరగతికి ఆ పీరియడ్ నాకే వేశారు, ఎందుకంటే సోషల్ మాస్టారికి ఎప్పుడూ ఖాళీ ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. మొదట కళ్ళు మూసుకుని శ్వాస గమనించడం, తరువాత ఒక కథ, దాని మీద మాట. ఉదయం మొదటి పీరియడ్. వంటగది మా గదికి ఆనుకునే ఉంటుంది కాబట్టి గుడ్లు ఉడికే రోజున శ్వాస మీద ధ్యాస నిలపడం నాకే చేతనయ్యేది కాదు.

మూడు మంచి విషయాలు రాయించడం నేనూ చేశాను. పుస్తకాలు దిద్దనని, మార్కులు వేయనని ముందే చెప్పాను. వాటిలో కొన్ని వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘నిన్న అమ్మకు కూలి దొరికింది.’ ‘రాత్రి కరెంటు పోలేదు.’ ‘వాన పడలేదు, మిరప కళ్ళంలో కాయ తడవలేదు.’ ‘నాన్న తాగకుండా వచ్చాడు.’ ‘నాకు పెద్ద గుడ్డు వచ్చింది.’ నలభై మందిలో పువ్వు, సూర్యోదయం లాంటివి రాసినవారు ఇద్దరే, ఇద్దరూ ముందు నేను చెప్పిన ఉదాహరణలనే తిప్పి రాశారు.

ఒక పిల్లవాడు వారమంతా ‘ఏమీ లేవు’ అని మూడు వరుసల్లో మూడు సార్లు, ఒత్తులు దీర్ఘాలు తప్పకుండా, చక్కటి చేతివ్రాతతో రాశాడు. ఐదో రోజున పక్కకు పిలిచి అడిగాను. వాళ్ళమ్మ మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్ళి నెల దాటిందని, ఫోను పెదనాన్న దగ్గర ఉంటుందని, ఆయన ఇవ్వడని చెప్పాడు. నా ఫోను ఇచ్చాను. వాడు మాట్లాడినది రెండు నిమిషాలు, అందులో ఎక్కువ భాగం ‘ఊఁ’ కొట్టడమే. మరునాడు వాడి పుస్తకంలో ఒక వరుస నిండింది, రెండు వరుసల్లో మళ్ళీ ‘ఏమీ లేవు’.

ఆ పీరియడ్ లేకపోతే ఆ సంగతి నాకు తెలిసేది కాదు. సోషల్ పాఠంలో వాడు చక్కగానే జవాబులు చెప్పేవాడు. అయితే వాడికి పనికివచ్చినది కృతజ్ఞత కాదు, ‘ఏమీ లేవు’ అని రాసినా ఎవరూ తిట్టకపోవడం.

సంఖ్యాశాస్త్రి

పంతులు గారూ, మీ పిల్లల వాక్యాలు నా చర్చను చాలా సులభం చేశాయి. ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే లెక్క ఒకటుంది. సంతోషంలో 50 శాతం పుట్టుకతో వచ్చేదని, 10 శాతం మాత్రమే పరిస్థితుల వల్ల అని, మిగిలిన 40 శాతం మన చేతుల్లో ఉందని. సోన్యా ల్యుబొమిర్‌స్కీ, మరో ఇద్దరు పరిశోధకులు 2005లో రాసిన వ్యాసం నుంచి వచ్చిన ఈ లెక్కను ప్రసంగాల్లో చెప్పే తీరు చూస్తే, మీ తరగతిలోని పిల్లలకు కూలి, కరెంటు, గుడ్డు అన్నీ కలిపి పది మార్కుల ప్రశ్న అన్నమాట.

ఆ శాతాలు మనుషుల మధ్య ఉన్న తేడాలకు సంబంధించినవి. ఒక్కొక్క మనిషి సంతోషాన్ని ముక్కలుగా కోసి పంచినవి కావు. ఒక హాస్టల్లో అందరూ ఒకే మెస్సులో ఒకే తిండి తింటున్నారనుకోండి. వారి బరువుల్లోని తేడాల్లో తిండి వాటా దాదాపు సున్నా అని లెక్క తేలుతుంది. అంటే తిండికీ బరువుకూ సంబంధం లేదనా? మెస్సు మూసేసి చూడండి. చాలావరకు సంపన్న దేశాల్లో, తిండికీ నీడకూ లోటు లేనివారి మీద చేసిన సర్వేల నుంచి తీసిన పది శాతాన్ని మిరప కళ్ళం దగ్గరకు మోసుకురావడం లెక్క తెలియనివారు చేసే పని.

ఇంకొకటి. లాటరీ గెలిచినవారూ, ప్రమాదంలో కాళ్ళు పడిపోయినవారూ కొంతకాలానికి సమానంగా సంతోషంగా ఉంటారని 1978 నాటి బ్రిక్‌మన్ పరిశోధన పేరిట ప్రతి మోటివేషన్ సభలోనూ చెబుతారు. అసలు వ్యాసం తెరిచి చూస్తే, 0 నుంచి 5 వరకు ఉన్న కొలమానం మీద లాటరీ గెలిచిన 22 మందికి 4.00, మామూలు మనుషులకు 3.82, ప్రమాద బాధితులు 29 మందికి 2.96 వచ్చాయి. 2.96 అంటే మనం ఊహించుకునేంత అధమం కాదు, నిజమే. సమానం మాత్రం కాదు.

పదకోశం

తెలుగు ఉపన్యాసకుడిగా పదవీ విరమణ చేశాను. నాది చిన్న సందేహం, మాటకు సంబంధించినది. ‘హ్యాపీనెస్’ను మనవారు ఆనందం అన్నారు. సుఖం, సంతోషం, ఆనందం, తృప్తి, హాయి, నిబ్బరం, ఇవన్నీ మనకు వేరువేరు మాటలు. ఫ్యాను గాలికి హాయి, పరీక్ష పాసైతే సంతోషం, కూతురి పెళ్ళి సవ్యంగా జరిగితే తృప్తి. ఇంట్లో మనిషి పోయినప్పుడు వీటిలో ఏదీ ఉండదు, ఉండకూడదు కూడా. అప్పుడు కావలసినది నిబ్బరం. పాఠశాల వీటిలో దేనిని నేర్పుతానంటోందో సర్క్యులర్‌లో రాసి ఉండవలసింది. నిబ్బరం నేర్పవచ్చునని నేను నమ్ముతాను, మా తరానికి ఇళ్ళలో నేర్పారు కూడా. ఆనందం అన్నది పెద్ద మాట.

ఆనందాన్ని లెక్కకట్టడం పాశ్చాత్యులే మొదలుపెట్టారని ఎవరైనా అనుకుంటే, తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి చూడవచ్చు. అక్కడ కొలమానపు మొదటి మెట్టు ఎవరో తెలుసా? మంచి నడవడి, చదువు, దృఢమైన శరీరం ఉన్న యువకుడు, పైగా సంపదతో నిండిన భూమి అంతా అతనిదే. అది ఒక మానుషానందం. అక్కడి నుంచి నూరేసి రెట్లు చొప్పున పెంచుకుంటూ పోతారు. ప్రతి మెట్టు దగ్గరా కోరికల దెబ్బ తగలని శ్రోత్రియుడికి (వేదం చదివినవాడికి) కూడా అంతే ఆనందమని చేరుస్తారు. వైరాగ్యం చెప్పిన గ్రంథమే ఆరోగ్యాన్నీ ఐశ్వర్యాన్నీ లెక్కలోంచి తీసేయలేదు. సంఖ్యాశాస్త్రి గారికి ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను.

యారా ఒడ్డున

మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ఇక్కడికి గంట దూరంలోని జీలాంగ్ గ్రామర్ స్కూలు 2008లో సెలిగ్మన్ బృందాన్ని రప్పించి, ‘పాజిటివ్ ఎడ్యుకేషన్’ను బడి మొత్తానికీ తెచ్చిన తొలి పాఠశాలల్లో ఒకటి. ఆ తరువాత చాలా బడులు అదే బాట పట్టాయి, మా అబ్బాయి బడి కూడా. నేను గమనించినది చెబుతాను. అది పెద్ద ఫీజుల బడి. మైదానాలు, సంగీతం గదులు, పిల్లవాడు ముఖం ముడుచుకుంటే మాట్లాడటానికి ఇద్దరు కౌన్సిలర్లు ఉన్నారు. ఇవన్నీ ఉన్న చోట హ్యాపీనెస్ పాఠం కూడా బాగానే ఉంటుంది. ఆ బడి నుంచి ఒక్క పాఠాన్ని మాత్రం విడదీసి తీసుకువెళ్ళి, మైదానం లేని చోట ఆటల పీరియడ్ తీసేసి పెడితే ఏమవుతుందో నాకు సందేహమే.

నిదానం

సెలిగ్మన్‌లో ఇక్కడ అందరూ లోపాలే ఎత్తిచూపుతున్నారు కాబట్టి ఆయన వైపు నుంచి ఒక మంచి సంగతి చెబుతాను. ఆయన పేరు మొదట వినిపించినది ఆనందం వల్ల కాదు, నిస్సహాయత వల్ల. 1967 ప్రాంతంలో స్టీవెన్ మేయర్‌తో కలిసి కుక్కల మీద చేసిన ప్రయోగాలవి. ఏం చేసినా ఆగని కరెంటు షాకులకు గురైన కుక్కల్లో చాలా వాటికి, తరువాత తప్పించుకునే దారి తెరిచి ఉన్నా కదలాలనిపించలేదు. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పుడు సిద్ధాంతీకరించారు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత, 2016లో, మెదడు మీద మేయర్ చేసిన పరిశోధనల ఆధారంగా ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగేశారు. ఎడతెగని బాధలో చేష్టలుడిగిపోవడం నేర్చుకునేది కాదు, అది సహజంగా వచ్చేదే. నేర్చుకునేది ఏమిటంటే, నేను చేసే పని వల్ల ఏదో మారుతుందన్న ఎరుక. సొంత సిద్ధాంతాన్ని యాభై ఏళ్ళ తరువాత తలకిందులు చేసి ఒప్పుకోగలిగిన శాస్త్రవేత్తను వెబినార్ వ్యాపారులతో కలిపి కట్టేయడం న్యాయం కాదు.

పంతులు గారి తరగతిలో ఫోను ఇవ్వడం ఎందుకు పనిచేసిందో కూడా దీనితో కొంత తెలుస్తుంది. రాశాడు, ఎవరో చదివారు, ఏదో జరిగింది.

ఒంగోలు పంతులు

నిదానం గారూ, ఆ 2016 సంగతి నాకు తెలియదు. తెలియకుండానే నేను చేసిన పని ఒకటి చెబుతాను.

‘ఏమీ లేవు’ తరువాత పేజీని రెండుగా గీయించాను. ఒకవైపు మంచివి, రెండోవైపు బాగా లేనివి. రెండోవైపు నిండడానికి వారం కూడా పట్టలేదు. అమ్మాయిల్లో ఐదుగురు ఒకే మాట రాశారు: మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం లేదు, ఒకరు లోపలికి వెళితే ఒకరు బయట పట్టుకుని నిలబడాలి. ఆరేళ్ళుగా ఆ బడిలో ఉన్న నాకు ఆ విషయం తెలియకపోవడం నా సిగ్గు. వారి చేతనే ప్రధానోపాధ్యాయురాలికి అర్జీ రాయించాను. తేదీ, విషయం, ‘అయ్యా’ కొట్టేసి ‘అమ్మా’, ఐదు సంతకాలు. మేడమ్ ఆ సాయంత్రమే బజారుకు మనిషిని పంపారు. గొళ్ళెం ధర నలభై ఐదు రూపాయలు. మరునాడు ఐదు పుస్తకాల్లోనూ మంచివి వైపు మొదటి వరుసలో ‘గొళ్ళెం బిగించారు’ అని ఉంది. ఒకమ్మాయి ‘మేము రాస్తే బిగించారు’ అని రాసింది.

అన్నీ ఇలా తీరవు. మిర్చి కోతలకు వెళ్ళిన తల్లిని నేను రప్పించలేను. ఆ పిల్లవాడు మరుసటి ఏడాది బడి మానేశాడు.

ఉప్పల్ ఉద్యోగి

పంతులు గారూ, మా వెబినార్‌లో కూడా చాట్‌లో రెండో వరుస ఉండి ఉంటే నేను ఇంకా అక్కడే పనిచేస్తూ ఉండేవాడినేమో.

బెజవాడ నాన్న

అందరికీ కృతజ్ఞతలు. ఈ మాట ఎవరూ హాజరు వేసి రాయించలేదు.

నిన్న రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి ఆ క్లాసులో ఏం చేస్తున్నారని అడిగాను. రెండు వారాల్లో రెండు తరగతులు జరిగాయట. వర్క్‌బుక్‌లో ప్రతి పేజీ కింద ఐదు నవ్వు ముఖాలు ఉంటాయి, ఈ వారం ఎంత సంతోషంగా ఉన్నావో దానికి తగిన ముఖానికి రంగు వేయాలి. ఐదూ నవ్వుతున్న ముఖాలే. చిన్న నవ్వు నుంచి పెద్ద నవ్వు వరకు. మా అమ్మాయి ఒక వారం ఏ ముఖానికీ రంగు వేయకపోతే, అసంపూర్తి అని ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు. పుస్తకం నా ముందే ఉంది.

శనివారం పదిన్నరకు తల్లిదండ్రుల సమావేశం. మూడు విషయాలు అడగదలచుకున్నాను. పదకోశం గారు అడిగినట్టు ఇందులో నేర్పేది ఏమిటో ఒక వాక్యంలో చెప్పమని. ఆ పేజీలో నవ్వని ముఖం ఒకటి చేర్చమని, దానికి రంగు వేసిన పిల్లలతో ఎవరు మాట్లాడతారో చెప్పమని. బుధవారం ఖోఖో తిరిగి ఇవ్వమని. మొదటి రెండింటికీ పరిశీలిస్తామంటారు. మూడోదాని కోసం మరో నలుగురు తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించాను. అర్జీ ముసాయిదా మా అమ్మాయే రాసింది, ‘విషయం’ దగ్గర ‘ఆనందం గురించి’ అని రాసి, కొట్టేసి, ‘ఆటల గురించి’ అని రాసింది.